అద్దాలి గానీ రుద్దకూడదు

పెట్రోలియం జెల్లీకి వాసన ఉండదంటారు. ఉంటుంది. కొత్త డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసనకి దగ్గరగా, మందకొడిగా ఏదో తగులుతుంది. ఈ జనవరి పొద్దున నోయిడాలో మా ఫ్లాటు బాల్కనీ తలుపు సందులోంచి చలిగాలి కోసేస్తుంటే, చెంపలు పగిలిన మా అమ్మాయి కోసం కొత్త డబ్బా తెరిచాను. ఆ వాసనకి నా కుడిచెంప మీద సుగుణ ఆంటీ వేళ్లు ఆనినట్టయింది. ఆవిడ పోయి నాలుగేళ్లు. నా ముఖాన్ని ఎలా చూసుకోవాలో నాకు తెలిసినదంతా ఆవిడ నేర్పిందే. ఒక్క ముఖం సంగతే కాదనుకోండి, కానీ ఆవిడ గురించి చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

సుగుణ ఆంటీది నర్సాపురం పక్కన చిన్న ఊరు. నర్సింగు చదివి ఢిల్లీ వచ్చి, ఏళ్ల తరబడి పెద్దాసుపత్రుల్లో చేసి, చివరికి వసంత్ కుంజ్‌లో ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో సిస్టరుగా కుదురుకున్నారు. భర్త పోయారు, పిల్లలు లేరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను తాడేపల్లిగూడెం నుంచి ఢిల్లీ వచ్చి బేర్ సరాయ్‌లో ఒక ఇరుకు గదిలో ఉంటూ, ఆఫీసు క్యాబ్‌లో నోయిడా వెళ్లి కాల్ సెంటరులో పనిచేసేదాన్ని. ఆదివారాలు ఒక స్కూలు గదిలో జరిగే తెలుగు ప్రార్థన కూటంలో మాకు పరిచయం. పదిహేనో ఏట మొదలైన మొటిమలు ఇరవై మూడో ఏటికి సెలవు తీసుకున్నాయి గానీ, పోతూ పోతూ చెంపల నిండా గుంటలు పెట్టి మరీ పోయాయి. కాల్ సెంటరు ఉద్యోగం నాకంత నచ్చడానికి కారణం అదే. ఫోనులో గొంతు వినిపిస్తుంది, ముఖం కనిపించదు.

ఒక ఆదివారం కూటం అయ్యాక ఆవిడ నా పక్కకొచ్చి కూర్చున్నారు. “ఏమ్మా, ఆ గోడలో ఏవన్నా దాచుకున్నావా? నాలుగు వారాలై చూస్తన్నాను, కుడిచెంప దానికి అప్పజెప్పి కూర్చుంటావు” అన్నారు. నవ్వి ఊరుకుందామనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఓదార్చలేదు. వరండాలోకి తీసుకెళ్లి, “వెలుగుకి తిరుగు” అన్నారు. తిరిగాను. “ముట్టుకోనా?” అని అడిగారు. అంతకుముందు నన్నలా అడిగినవాళ్లు లేరు. మా చుట్టాలు ఎదురుపడగానే చెంప నొక్కి చూసి, ఒకరు తులసాకు, ఒకరు టూత్‌పేస్టు రాయమని చెప్పి వెళ్లిపోయేవారు. నా ముఖం ఊరందరిదీ అయిపోయిందని, నాది కాకుండా పోయిందని అప్పటికి నాకు రూఢి అయిపోయింది. ఆవిడ అడిగినప్పుడు, అది మళ్లీ నాదే అనిపించింది.

ఆ సంవత్సరమే ఆఫీసులో నన్ను ట్రైనరుగా వెయ్యాలనుకున్నారు. అంటే కొత్తగా చేరిన ముప్పైమంది ముందు రోజూ నిలబడి పాఠం చెప్పాలి. ఉద్యోగంలో పైకి వెళ్లడానికి అదొక్కటే మెట్టు. నెల రోజులు గడువడిగి, ఆవిడ పనిచేసే క్లినిక్‌లోనే డిసెంబరులో లేజరు చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. డాక్టరుగారు సరేనన్నారు. ఆంటీ మాత్రం గుమ్మం దగ్గర ఆపేశారు.

“లేజరు గంట పని. తరవాతే అసలు వైద్యం. మన రంగు చర్మానికి కోపమొచ్చిందనుకో, నల్లమచ్చేసి కూర్చుంటాది. గుంటలు పోయి మచ్చలొస్తే అప్పుడేడ్చి లాభం లేదు. చెప్పినట్టు వింటావా మరి?”

“వింటానాంటీ.”

“అందరూ అలాగే అంటారు” అన్నారు, కార్డు మీద నా పేరు రాసుకుంటూ.

లేజరు అయ్యాక నన్ను నా గదికి పోనివ్వలేదు. బేర్ సరాయ్ ట్యాంకరు నీళ్లు, ఆ దుమ్ము నమ్మలేనని వసంత్ కుంజ్‌లో తన ఒంటిగది ఇంటికే తీసుకుపోయారు. ముఖమంతా ఎండకి కమిలినట్టు ఎర్రగా, ముట్టుకుంటే గరుకుగా ఉండేది. రెండో రోజుకి బిగుసుకుపోయి, నవ్వితే చిట్లుతుందేమో అనిపించేది. రూము హీటరు నా వైపు తిప్పనిచ్చేవారు కాదు, గాలి ఇంకా ఎండగొడుతుందని. పొద్దున్నే నీళ్లు కాచి చల్లార్చేవారు. భర్త పాత పంచె చదరాలుగా చింపి, ఉడకబెట్టి, ఆరేసి పెట్టుకున్నారు. “మా ఆయన పంచె. ఆయనున్నప్పుడు నాకిన్ని పన్లకి పనికిరాలేదు” అనేవారు. తను వేన్నీళ్లతో చేతులు కడుక్కుని, వేళ్లలో చలి పోయిందాకా ఆగి, అప్పుడు నా ఎదురుగా కూర్చునేవారు. రోజూ అవే రెండు మాటలు. “వెలుగుకి తిరుగు. ముట్టుకోనా?”

నేను తలూపాక తడిగుడ్డ అద్దేవారు. ఆపైన పల్చగా జెల్లీ. ఒకసారి నేనే చేసుకుంటానని గుడ్డ తీసుకుని తుడవబోతే చెయ్యి పట్టేసుకున్నారు. “అద్దాలి గానీ రుద్దకూడదమ్మాయ్! ముఖవేవన్నా అంట్లగిన్నా?” ఇక చెయ్యకూడనివి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. సబ్బు, పసుపు, శనగపిండి, నిమ్మకాయ, ముల్తానీ మట్టి. పొట్టు లేస్తుంటే గిల్లకూడదు. ఎండలోకి తొంగి చూడకూడదు. నేను ఒక్కటీ తప్పలేదు. ఆ జాబితాలో లేనిదే చేశాను.

మా అమ్మకి చిన్న ట్రీట్‌మెంటని మాత్రమే చెప్పాను. అమ్మ ఊరుకుంటుందా? మా సంఘం పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, ఢిల్లీ వస్తున్న చుట్టాలబ్బాయి చేత ఒక నూనె సీసా పంపించింది. మావాళ్లకి ప్రార్థన నూనె లేనిదే ఏ పనీ జరగదు. జ్వరమొస్తే నుదుటికి, నొప్పొస్తే మోకాలికి. నా ఇంటరు హాల్ టికెట్టుకి కూడా అమ్మ రాసింది, నంబరు అలుక్కుపోయి పరీక్ష గదిలో నానా తిప్పలు పడ్డాను. అయిదో రోజు మధ్యాహ్నం ఆంటీ డ్యూటీలో ఉండగా, గంజి పెట్టిన బట్టలా బిగుసుకున్న ముఖంతో, దురద ఓర్చుకోలేక ఆ సీసా తీశాను. మోకరించి మనసారా ప్రార్థించి, రెండు చెంపలకీ రాసుకున్నాను. కుడిచెంపకి ఇంకాస్త ఎక్కువే.

గంటలో మంట మొదలైంది. సాయంత్రం ఆంటీ వచ్చేసరికి ముఖం వాచి, కుడిచెంప మీద నీటిపొక్కులు లేచి ఉన్నాయి. తిడతారనుకున్నాను. ఆవిడ సంచీ కింద పెట్టి, తిన్నగా వెళ్లి చేతులు కడుక్కున్నారు. “వెలుగుకి తిరుగు.” లైటు వైపు తిరిగాను. “ముట్టుకోనా?” అప్పుడు కూడా అడిగారు. దగ్గరగా వంగి వాసన చూశారు. “మల్లె సెంటు. ఏం రాసావ్?”

సీసా చూపించాను. ఆవిడ ముఖం మారిపోయింది. అలాంటి సీసాయే ఆవిడ కిటికీలో కూడా ఉంది.

“ప్రార్థన చేసే రాసుకున్నానాంటీ. నా విశ్వాసం చాల్లేదేమో” అని ఏడ్చాను.

“ఉప్పునీళ్లు తగిలితే ఇంకా మండుద్ది, ఏడవకు. విశ్వాసానికేం లోటు లేదు తల్లీ. సెంటు పడితే పచ్చి చర్మం మండదా? మీ అమ్మ ప్రార్థన ఎప్పుడో చేరిపోయింది. సీసా కిటికీలో పెట్టు, ముఖం నాకొదిలెయ్.”

పంచె ముక్క తడిపి ముఖానికి కప్పి, ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్లారు. డాక్టరుగారు వేరే క్రీము రాసిచ్చి, వాపు తగ్గుతుందనీ, కుడిచెంప మీద మచ్చ మాత్రం చాలా నెలలు ఉండవచ్చనీ చెప్పారు. తిరిగి వస్తుంటే ఆంటీ మెల్లిగా అన్నారు: “తప్పు నాది. ఊళ్లోవాళ్లందరికీ పసుపొద్దు, నిమ్మకాయొద్దు అని చెప్తాను. మనోళ్లేం రాస్తారో నాకు తెలీదా? మనదే కదాని నూనె మాట ఎత్తలేదు. తన దీపమని ముద్దాడితే మూతి కాలదా?”

ఆ మాట నా దగ్గర అని ఊరుకోలేదు. ఆదివారం కూటంలో సాక్ష్యాల సమయానికి లేచి నిలబడ్డారు. సాక్ష్యమంటే మామూలుగా జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. “నాది సాక్ష్యం కాదండి, ఒప్పుకోలు” అని మొదలుపెట్టి, నా పేరెత్తకుండా జరిగింది చెప్పారు. కూటం పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నారు.

“సిస్టరుగారూ, అయితే ప్రార్థన నూనెలో శక్తి లేదంటారా?”

“శక్తి ఉందండి. సెంటు కూడా ఉంది.”

గదిలో అందరూ నవ్వారు, ఆ పెద్దాయన తప్ప. “కాలిన చోట, పచ్చిపుండు మీద రాయకండి. నుదుటికి అద్దండి, చాలు. దేవుడికి చోటు చాలకపోదు” అని చెప్పి కూర్చున్నారు. ఆ కూటం తప్ప ఢిల్లీలో ఆవిడకి వేరే బలగం లేదు. నా కోసం దాన్ని పణంగా పెట్టారని అర్థమై, నేను గోడవైపు కూర్చోవడం ఆ రోజుతో మానేశాను.

క్లాసు మొదలయ్యే రోజు రానే వచ్చింది. గుంటలు బాగానే పూడాయి గానీ, కుడిచెంప మీద చింతగింజంత నల్లమచ్చ ఒకటి, దాని చుట్టూ పొడిబారి లేస్తున్న పొట్టు. పౌడరు కూడా వెయ్యకూడదన్నారు. ట్రైనరు పని వద్దని ఆఫీసుకి రాసేస్తానన్నాను. ఆంటీ రాయొద్దనలేదు. జెల్లీ అద్దుతూ, “మానిపించడం నా పని. నలుగురికీ చూపించుకోడం నీ పని. అందులో నేను చెయ్యగలిగిందేం లేదమ్మా” అన్నారు.

“ఎవరైనా అడిగితే?”

“చెప్పు. అడగడం తప్పు కాదు. అడక్కుండా ముట్టుకోడమే తప్పు.”

వెళ్లాను. పాత అలవాటు కొద్దీ కుడిచెంప బోర్డువైపు పెట్టి నిలబడి, పావుగంట సేపు ఆ పక్కకే రాస్తూ గడిపాను. మొదటి వరసలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది. “మ్యామ్, ఆప్‌కే ఫేస్ పే క్యా హువా?” నా ముఖానికేమైందని. కిటికీ నా ఎడమపక్కన, క్లాసు వెనక గోడకి ఉంది. అటు పూర్తిగా తిరిగి, లేజరు చేయించుకున్నాననీ, తర్వాత ఒక పొరపాటు చేశాననీ, మానుతోందనీ చెప్పాను. “దర్ద్ హోతా హై?” అంది. నొప్పి లేదు, కొంచెం బిగుస్తుందన్నాను. “అచ్ఛా” అని ఆ పిల్ల నోటుబుక్కు తెరిచింది. ఎనిమిదేళ్లుగా నేను భయపడిన సంగతి అంతటితో అయిపోయింది.

ఆ మచ్చ తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పటికీ చలికాలంలో దాని జాడ కాస్త కనిపిస్తుంది. రిటైరయి నర్సాపురం వెళ్లిపోయాక కూడా ఆంటీ ఫోనులో ముందు మచ్చ సంగతి అడిగి, తర్వాతే నన్ను బాగున్నావా అనేవారు. చివరిసారి మాట్లాడినప్పుడు, పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పాను. “ఫోన్లో వెలుగెక్కడిది, నమ్మాలి మరి” అని నవ్వారు.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. ఈ మధ్య మొటిమలు మొదలయ్యాయి. జుట్టు విరబోసుకుని ఒక చెంప కప్పుకోవడం, భోజనాల బల్ల దగ్గర గోడవైపు కుర్చీ వెతుక్కోవడం చూస్తూనే ఉన్నాను. ఈ పొద్దున వేన్నీళ్లతో చేతులు కడుక్కుని, వేళ్లలో చలి పోయిందాకా ఆగి, దాని ఎదురుగా కూర్చున్నాను.

“వెలుగుకి తిరుగమ్మా. ముట్టుకోనా?”

“మమ్మా, హర్ బార్ పూఛ్‌తీ క్యోం హో?” అని, ప్రతిసారీ అడగడమెందుకని విసుక్కుంటూనే, జుట్టు చెవి వెనక్కి తోసుకుని బాల్కనీ వైపు తిరిగింది.