బావమరిది ఇయ్యని చక్రం

మొన్న బేస్తవారం పొద్దున నా భార్య తమ్ముడు పోయినాడని ఫోనొచ్చింది. కాఫీ తాగతా ఉంటిని. గ్లాసు కింద పెట్టి, "మొండోడు, చెప్పకుండానే పోయినాడా" అన్నాను. రెండేండ్లుగా వాడికీ నాకూ మాటల్లేవు.

తిరుచానూరులో వాళ్ళింటి వాకిలి నిండా జనం. "బంగారు చేతులు" అంటా ఉండారు. థూ! ఈ మనుషులేనా? గీసుకుపోయిన కార్ల అలాయ్ చక్రాలు వాడి కాడికి తెచ్చి, వారం పడతాదంటే మొహం తిప్పుకోని, రోడ్డు పక్కన అరగంటలో సిల్వర్ రంగు కొట్టించుకున్నోళ్ళు. వానాకాలం రాంగానే ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేచేది. అదొక పనా? ముసిలోడి జుట్టుకు నల్లరంగు పూసినట్టు.

వాడి పని అట్ల కాదు. ఇంటి వెనక రేకుల కింద పీటేసుకోని, పాత రంగంతా గీకి, సబ్బునీళ్ళలో ముంచిన గరుకు కాయితంతో రుద్దేది. తర్వాత నున్న కాయితం, ఆ తర్వాత ఇంకా నున్నది. ఆఖర్న పాత పంచె గుడ్డతో పాలిష్. "రంగేస్తే లోపలుండేది కనపడదు బావా. పాలిష్ పెడితే దాచేదానికి చోటుండదు" అనేవాడు.

పని మొదలుపెట్టక ముందే చక్రాన్ని తాడుకు ఏలాడదీసి, చెక్కసుత్తితో తట్టి చెవి పెట్టేవాడు, సంతలో కుండ బేరం చేసేటోడి మాదిరి. నేను నవ్వేవాణ్ణి.

నా టాక్సీ చక్రాలు నాలుగూ వాడికే ఇచ్చినాను. భక్తులను కొండకు తీసకపోయే బండి, మెరవాల గదా. మూడు తళతళా చేసిచ్చినాడు. నాలుగోదాన్ని తట్టినాడు, మళ్ళీ తట్టినాడు. "బావా, ఇది చీలింది. ఇయ్యను."

"యాడరా చీలింది? నాకు కనపడలేదే."

"నీకు కనపడకపోతే లేనట్టా? పలుకు మొద్దుగా ఉండాది."

"కుమ్మరోడివా నువ్వు? నా చక్రం నాకియ్యి."

"ఇస్తే దీన్నే తగిలించుకోని ఘాట్ రోడ్డెక్కుతావు. మా అక్క మెడలో తాళి ఉండాల. ఇయ్యను పో."

వీధిలో అందరి ముందర వాణ్ణి దొంగ అన్నాను. నా గడప తొక్కొద్దన్నాను. మూడు మెరిసే చక్రాలు, డిక్కీలో ఉండే స్పేరు నల్ల ఇనప చక్రంతో బండి తిప్పినాను. స్టాండులో పనీపాటా లేనోళ్ళు, "ఏమప్పా, బండికి దిష్టిచుక్కా?" అని ఎగతాళి. ఆ కోపమే రెండేండ్లు మోసినాను.

మొన్న వాడి భార్య నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. "అన్నా, నువ్వొస్తే చూపియ్యాలని పెట్టుకున్నాడు" అనింది.

రేకుల కింద తాడుకు నా చక్రం. అద్దం మాదిరి ఉండాది. చువ్వ మొదట్నుంచి అంచుదాకా పగులు, పాలిష్ మురికి ఇరుక్కోని వెంట్రుకంత నల్ల గీత. కండ్లద్దాలు లేకుండా బోర్డు చదవలేని నాకు కూడా కనపడేటట్టు రుద్ది పెట్టినాడు.

చేతగానోడు! మోసుకోనొచ్చి నా మొహాన కొట్టుంటే పోయేది గదా. గడప తొక్కొద్దంటే తొక్కకుండానే పోతాడా ఎవుడైనా? మొద్దు పలుకు వినలేని నాలాంటి చెవిటోడు అన్న మాటకు అంత విలువా?

వేలు మడిచి తట్టినాను. మొద్దుగా పలికింది. చక్రం తాడు మీద తిరిగింది. మెరుపు వస్తా ఉండె, పోతా ఉండె, దాంతోపాటే ఆ గీత. ముందర వాకిట్లోంచి, "పాడె ఎత్తతా ఉండారు, రాండప్పా" అని పిలస్తా ఉండారు. చక్రం తిరగడం నిలిచేదాకా నేను కదల్లేదు.