క్యాను లోపలి జిగట

పాల కేంద్రంలో అందరూ ఆమెని ముక్కుపిన్ని అనేవారు. వరసగా దిగే క్యాన్ల మూతలు తీసి వాసన చూడటం, మంచివి లోపలికి పంపి పులిసినవి తిప్పి కొట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్ళ పని. క్యాన్లని వట్టి వేణ్ణీళ్ళతో తొలిపి తెచ్చినవాళ్ళకి ఆమె చేతిలో మూడినట్టే.

"అడుగున చెయ్యి పెట్టి చూడు, జారట్లా? ఆ జిగటలో క్రిములు కాపురం పెట్టాయి. నువ్వు పోసే నీళ్ళు వాటికి తలంటు! బ్రష్షుతో రుద్దు!"

అలాంటి మనిషి ఒకరోజు పులిసిన క్యాను లోపలికి వదిలేసింది. ట్యాంకులో పాలన్నీ విరిగిపోయాయి. సూపర్‌వైజరు ఆమెని క్యాన్లు కడిగే చోట వేశాడు.

"ఎప్పుడు చూసినా ఆ ముక్కు దిబ్బడే పిన్నీ. పైవాళ్ళకి నేనేం చెప్పను?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా అదే అవస్థ. మొహమంతా బరువు, గొంతులోకి దిగే చీమిడి, వారాల తరబడి వాసనే తెలియకపోవడం. అలా అయినప్పుడల్లా మందుల షాపున్న తమ్ముడి దగ్గర మాత్రలు తెచ్చుకునేది. మూడోరోజుకి తేలికపడితే ఆపేసి, మిగిలినవి మళ్ళీసారికి దాచుకునేది.

ఇప్పుడిక పెద్దాసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ ముక్కులోకి సన్నటి గొట్టం పంపి, ఉబ్బిన గోడల్ని తెరమీద చూపించింది.

"బ్యాక్టీరియా ఇలాంటి గోడలకి అతుక్కుని జిగటపొర కట్టుకుంటుంది. మాత్రలకి పైపైనవి చస్తాయి, పొరలోవి బతికిపోతాయి. అదొక్కటే కారణమని చెప్పలేను. వాపూ తగ్గాలి. రోజూ ముక్కులోకి మందు స్ప్రే చేసుకోవాలి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడుక్కోవాలి. తగ్గకపోతే ఆపరేషన్."

ముక్కుపిన్ని మొహం జేవురించింది. తిన్నగా తమ్ముడి షాపుకెళ్ళి కౌంటరు మీద అరచేత్తో చరిచింది.

"పదేళ్ళు ఏం మింగించావురా నాకు?"

"నువ్వు అడిగితేనే కదక్కా ఇచ్చాను!"

"అడిగితే ఇచ్చేస్తావా? అడిగిన ప్రతివాడి క్యానూ నేను తీసుకున్నానా?"

వీధి మలుపు దాకా వాణ్ణి తిడుతూనే నడిచింది. ఆ తర్వాత తిట్టడానికి తనే మిగిలింది. జిగట సంగతి ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి, తన ముక్కుని మాత్రం పైపైన తొలిపి ఊరుకుంది.

నాలుగు నెలలు పొద్దునా సాయంత్రం కసిగా కడిగింది. ముందు సబ్బు వాసన తెలిసింది, తర్వాత తడి బట్టల ముక్కిన వాసన. వెళ్ళి సూపర్‌వైజరు ముందు నిలబడింది.

"పరీక్ష పెట్టు."

అయిదు క్యాన్లు పెట్టాడు. నాలుగింటి సంగతి సరిగ్గా చెప్పింది. అయిదోదాని మీదికి మూడుసార్లు వంగింది.

"ఏదో ఒకటి అనెయ్ పిన్నీ. రేపే నీ చోటుకి వచ్చెయ్యచ్చు."

"తెలియట్లేదు."

"అబ్బ, నాలుగు చెప్పావు కదా!"

"తెలియట్లేదంటే వినపడదా నీకు?" అని అరిచింది. "పాలు విరిగిన ఆ రోజూ నాకు వాసన తెలియలేదు. ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని 'మంచివే' అన్నాను. మళ్ళీ అదే అనమంటావా?"

అతను నోరు తెరిచే లోపు మూత ధనాలున పడింది.

"వచ్చే నెల మళ్ళీ పెట్టు," అని కడిగే చోటుకి విసవిసా నడిచింది.