బుధవారం నాడు నిలబడిన రోకలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: క్లాసులో పిల్లలు నోరు విప్పాలంటే ఏం చెయ్యాలి? నాకు తెలిసిన జవాబు చిన్నది. ముందు మనం నోరు మూసుకోవాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. అత్తిమంజేరిపేట దగ్గరి ఒక ప్రభుత్వ మిడిల్ స్కూల్లో మా హెడ్‌మిస్ట్రెస్ నాకు నేర్పింది. అందుకు ఆమె చాలానే కష్టపడింది, ఎందుకంటే నా నోరు అంత సులభంగా మూతపడేది కాదు.

నేను పెరిగిన ఇంట్లో వాదనే పలకరింపు. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచీ తిరుత్తణిలో జరిగే సంస్కరణ సభలకు తీసుకువెళ్లేవాడు. జాతకం, దిష్టి, కులం, ముహూర్తం, ఒక్కొక్కదాన్నీ వేదిక మీదికి లాగి ఉతికేవాళ్లు. అవతలివాడికి మాట పడిపోతే చప్పట్లు. మూఢనమ్మకం మనుషుల బతుకుల్ని తినేస్తుందని ఆ సభల్లో విన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ అక్కడ వాదించేవాళ్లు వాదనకు సిద్ధపడి వచ్చినవాళ్లు. ఏడో తరగతి పిల్లలు అలా రారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళ పుస్తకం చదివి, మళ్లీ ఇంటికెళ్లి అవ్వ చేతి అన్నం తినే పిల్లలు వాళ్లు.

నేను ఆ బడిలో ఉండగా ఒక ఆదివారం గ్రహణం వచ్చింది. సోమవారం క్లాసులో అడుగు పెట్టేసరికి అందరూ ఒకటే మాట: పళ్లెంలో పసుపు నీళ్లు పోసి రోకలి పెడితే, పట్టుకోకుండా నిట్టనిలువుగా నిలబడిందట. గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుందట. ఊళ్లో ఫోన్లన్నిటికీ దాని వీడియో వచ్చింది. ఆ పాఠం ఉపన్యాసమే అయింది. సూర్యుడు, చంద్రుడు, భూమి, నీడ, అన్నీ బోర్డుమీద వేసి, రోకలికీ చంద్రుడికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పాను. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. సభలో అయితే చప్పట్లు వచ్చేవి.

అందరికంటే శ్రద్ధగా విన్నది రెండో వరసలో కూర్చునే ఒక అమ్మాయి. మగ్గాల ఇంటి పిల్ల. తండ్రి కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. తల్లి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కిపోతుంది. ఇంట్లో మాట అవ్వదే. ఆ పిల్ల సాయంత్రం ఇంటికెళ్లి, చుట్టాలూ చుట్టుపక్కలవాళ్లూ కూర్చుని ఉండగా, "రోకలి కథంతా అబద్ధం, మా సార్ చెప్పినాడు" అని అవ్వ మొహం మీదే అనేసింది.

మంగళవారం ఆ పిల్ల రాలేదు. పదకొండింటికి అవ్వ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో నేనూ ఉన్నాను.

"దాని టీసీ ఇచ్చేయండి" అంది అవ్వ, నిలబడే. "తిరుత్తణిలో నా కూతురింటికి పంపిస్తా. ఆడ పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుట్టుకుంటాది. పెద్దోళ్లను అబద్ధాలకోర్లంటా నేర్పే చదువు మాకు పోదుం, ఇంక చాలు."

"కూసో అవ్వా. ఏం జరిగినాది?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"నా కండ్లతో జూసినా, నా చేత్తో నిలబెట్టినా. నా కండ్లు అబద్ధం జెప్పినాయంటాడా ఈయప్ప?"

నేను లేచాను. పిల్లను పనికి పంపడం నేరమని మొదలుపెట్టి చాలా చెప్పాలని ఉంది. హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూడకుండానే, "సార్, మీరు పోయి రవ్వంత నీళ్లు తాగి రండి" అంది. నేను కదల్లేదు, కానీ నోరూ తెరవలేదు.

"నీ కండ్లు అబద్ధం జెప్పలేదవ్వా" అంది ఆమె. "రోకలి నిలబడింది నిజమే. మా ఇంట్లోనూ నిలబడింది."

అవ్వ కూర్చుంది.

"అయితే ఒకటి చెప్పు. గ్రహణం లేనినాడు ఎప్పుడన్నా నిలబెట్టి జూసినావా?"

"ఎవురన్నా సుమ్మా, ఊరికే, రోకలి నిలబెడతారా ఇంట్లో? ఇంటికి మంచిది గాదు."

అప్పుడు నాకు ఆ నమ్మకానికి తాళం ఎక్కడుందో కనిపించింది. గ్రహణం రోజు తప్ప నిలబెట్టకూడదు కాబట్టి ఎవరూ నిలబెట్టి చూడలేదు. ఎవరూ చూడలేదు కాబట్టి గ్రహణం రోజే నిలబడుతుంది. నా ఉపన్యాసం ఆ తలుపు బయటే అరుస్తూ నిలబడింది.

"ఇంటికి మంచిది గాదు, సరే" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇది ఇల్లు గాదు గదా. పళ్ళికూడం, బడి."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆలోచించింది. "మీ రోకలి ఎట్లాంటిదో, ఏం జేసి పెట్టినారో నాకేం తెలుసు."

"నీదే తీసుకోని రా. పిల్ల పట్టుకోనొస్తుంది."

"టీసీ?"

"అది రేపు మాట్లాడుకుందాం. రోకలి నువ్వొక్కదానివే మోసుకోని వస్తావా యేం, ఈ వయసులో?"

అలా ఆ పిల్ల ఇంకొక్క రోజు బడికి వచ్చే ఏర్పాటు జరిగింది. ఆ ఒక్క రోజు తరువాత ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె నాకు షరతు పెట్టింది. రేపు నేను ప్రశ్నలు అడగొచ్చు, జవాబులు చెప్పకూడదు.

"అబద్ధాన్ని అబద్ధమనడానికి కూడా భయపడాలా మేడం?"

"అనొచ్చు సార్, వాళ్లు అన్నాక. నిన్నటిదాకా ఆ పిల్ల అవ్వ చెప్పిందని నమ్మింది. నిన్న మీరు చెప్పారని నమ్మింది. తేడా యాడుంది?"

బస్సు వచ్చింది. నేను తిరుత్తణి దాకా ఆ మాటనే నములుతూ వెళ్లాను. అన్ని సభల్లో అన్ని ఉపన్యాసాలు విన్నాను. ఇంత చిన్న ప్రశ్నకు అంత ఇబ్బంది పడింది అప్పుడే.

బుధవారం అవ్వ ముందు, రోకలి భుజాన పెట్టుకుని పిల్ల వెనక, గేటులోంచి వచ్చారు. పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. భోజనం వండే ఆయమ్మ ఇత్తడి పళ్లెమూ చిటికెడు పసుపూ ఇచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ పిల్లలందరి చేతా ముందే ఒక కాగితం ముక్క మీద రాయించింది: నిలబడుతుందా, పడిపోతుందా. రాసి, మడిచి, జేబులో పెట్టుకోవాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ పద్ధతి నేను తరువాత ప్రతి ప్రయోగానికీ వాడుకున్నాను. ముందే రాసుకున్న పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఆ ప్రయోగంలో తన మాట కూడా ఉంది. తప్పు రాసినా ఎవరికీ తెలియదు కాబట్టి పరువు పోదు.

అవ్వ చేతులు కడుక్కుని, రోకలిని ఇనుప పొన్ను తొడిగిన కొస కిందకు పెట్టి, పళ్లెం మధ్యలో నిలిపి, మెల్లిగా చేతులు తీసింది. రోకలి పక్కకు ఒరిగి నేలమీద పడింది. పళ్లెంలోని నీళ్లు ముందు వరస మీద చిందాయి.

"జూసినారా?" అంది అవ్వ. గొంతులో గెలుపు ఉంది. పిల్ల తల దించుకుంది.

నాకు కారణం తెలుసు. క్లాసులు కడిగితే నీళ్లు బయటికి పోవాలని మా నేల గుమ్మం వైపు వాలుగా వేశారు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేనూ చూశాను. క్లాసులో చీమ చిటుక్కుమనలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం నాకు చాలా కష్టమైంది. టీచర్లకు నేను చెప్పేది ఇదే: జవాబు తెలిసీ ఊరుకోవడం పాఠంలో అన్నిటికంటే కష్టమైన భాగం. చివరికి అడిగాను. "ఇంట్లో యాడ నిలబెట్టినావు అవ్వా?"

"దేవుని గూటి ముందర. బండ మీద."

వెనక వరసలోంచి ఒకడు, "ఈడ పెన్సిల్ పెడితే దొర్లుకోని పోతాది సార్" అన్నాడు.

"ఓరి, నీది యాడ పెట్టినా దొర్లుతాది, నీ మాదిరే" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి, తన పెన్సిలు తీసి, నేలమీద ఒక్కొక్క చోటే పెట్టి చూస్తూ పోయింది. గుమ్మం దగ్గర దొర్లింది. బల్లల మధ్య దొర్లింది. బోర్డు కింద, గోడ వారన, కదలకుండా నిలిచింది.

"అవ్వా, ఈడ పెట్టు."

అవ్వ మనవరాలి వైపు చూసింది, నా వైపు చూడలేదు. పళ్లెం అక్కడికి జరిపి, నీళ్లు పోయించి, రోకలి పెట్టి చేతులు తీసింది.

నిలబడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు జేబుల్లోని కాగితాలు తీసి దొంగతనంగా చూసుకుంటున్నారు. ఆకాశంలో ఏ గ్రహణమూ లేదు, బయట ఎండ కాస్తోంది, సత్తు గిన్నెల్లోంచి సాంబారు వాసన వస్తోంది. సభల్లో నేర్చుకున్న మాటలన్నీ నాలోంచి ఒక్కసారి లేచి, చేయడానికి పని లేక మళ్లీ కూర్చున్నాయి. అవి కూర్చోవడం నాకు బాధగా లేదు. కిటికీ దగ్గర నిలబడిన ఆ మనిషి పట్ల ఎంత కృతజ్ఞత కలిగిందో ఆమెకు ఆరోజు చెప్పలేకపోయాను. ఆమె రిటైరైన రోజున చెబితే, "నేనేం చేశాను సార్, కిటికీలోంచి చూశాను" అంది.

అవ్వ రోకలి చుట్టూ తిరిగి చూసింది. కొంగు బొడ్లో దోపుకుంది.

"ఈ పొద్దు యాడో గ్రహణం పట్టుంటాది" అంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. నా ఒళ్లు మండింది, కానీ షరతు గుర్తుంది. పిల్ల మాత్రం చాలా గంభీరంగా, "ఉంటాదేమో అవ్వా. అయితే రేపు కూడా నిలబెట్టి చూడాల. ఎల్లుండి కూడా" అంది.

"నాకు వేరే పనేం లేదా?" అంది అవ్వ.

"నేను జూస్తాను."

అవ్వ ఆ పిల్లను కాసేపు చూసింది. పొరుగువాళ్ల ముందు తనను తక్కువ చేసిన పిల్ల ఇప్పుడు తన మాటనే పట్టుకుని పరీక్షిస్తానంటోంది. అది ఆమెకు అవమానంగా అనిపించలేదని మొహం చూస్తే తెలిసింది.

"టీసీ రాసియ్యమంటావా అవ్వా?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్, కిటికీ దగ్గర నుంచి కదలకుండానే.

"టీసీ ఇచ్చేస్తే రేపు రోకలి ఎవురు జూస్తారు, నీ సారా? ఆయనకు జూసే ఓపిక యాడుంది, మాట్లాడతానే ఉంటాడు." చెప్పులేసుకుంటూ పిల్లతో అంది, "ఏమే, నిలబడినా పడిపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాల నాకు. మీ సార్ ఏం జెప్పినాడని గాదు."

ఆ పిల్ల తలూపి, తన చోటికి వెళ్లి కూర్చుంది.