పురుగుల ఇంటి బయట, నేనూ నా గడ్డా

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులకు ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ పల్లె మాది. ఇంటి వెనక పురుగుల కోసమే కట్టిన పొడవాటి గది ఉండేది. చెప్పులతో ఆ గడప తొక్కకూడదు. వాసన నూనె రాసుకుని పోకూడదు. జలుబు చేసినవాళ్ళు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. చుట్టాలకైనా లోపలికి అనుమతి లేదు, దిష్టి తగులుతుందని కొంత, రోగం తగులుతుందని కొంత. నాకు మాత్రం ఆ గదిలో చంటిబిడ్డప్పటి నుంచీ చోటుండేది. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు నమిలే చప్పుడు వింటూ తట్టల్లో మల్బరీ ఆకు వేయడం బడికి పోవడం కన్నా నాకు ఇష్టం.

తొంభైలలో మాట ఇది. నేను ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మ జడ వేస్తూ నా తల పైకెత్తి, చెయ్యి అలాగే ఆపేసింది. గొంతు ముందు భాగంలో, కొంచెం పక్కగా, రేగుపండంత గడ్డ. నొప్పి లేదు. గుటక వేస్తే పైకీ కిందికీ కదిలేది. బడిలో పిల్లలు నాచేత నీళ్ళు తాగించి మరీ దాన్ని చూసేవారు. మొదట్లో నాకు కాస్త గొప్పగానే ఉండేది, అందరూ నన్నే చూస్తున్నారు కదా.

మా అవ్వ అది గవదబిళ్ళ అని తేల్చేసింది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. చర్మం పొక్కింది గానీ గడ్డ తగ్గలేదు. గవదబిళ్ళలు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి కాబట్టి నేను పురుగుల గదిలోకి పోకూడదన్నది తర్వాతి తీర్మానం. అమ్మ ఒక మాట అడ్డం చెప్పబోయి ఊరుకుంది. ఇంటికి వచ్చే నాలుగు దుడ్లూ ఆ గదిలోంచే రావాలి మరి.

నేను ఆ గదిలోకి పోకపోయినా ఆ పంట నిలవలేదు. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడిచే నిద్ర, దాటాక పురుగులు ఉబ్బి, పాలలాంటి నీరు కారి చచ్చిపోయాయి. నాయన వాటిని తట్టలతో మోసుకుపోయి గుంతలో పూడ్చాడు. నీ వల్లే అని ఎవరూ నన్ను అనలేదు. కానీ ఆ రోజు నుంచి నా కంచం వేరయింది, పడక వసారాలోకి మారింది. నేను రాగానే మాటలు ఆగిపోయేవి. నాకేమైందని అడిగితే ఏమీ లేదు పో, ఆడుకో అనేవారు. ఎవరితో ఆడుకోవాలి? పక్కింటి పిల్లలను కూడా వాళ్ళమ్మ లోపలికి పిలుచుకునేది. ఇంటినిండా జనం ఉండగా నాకంటూ ఒక్కరూ లేరని ఆ వసారాలో పడుకున్నప్పుడే నాకు మొదటిసారి తెలిసింది. గడ్డను నిమురుకుంటూ దానితోనే మాట్లాడేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో నాకున్న స్నేహం అదొక్కటే.

ధర్మవరం నుంచి వచ్చిన మా మేనత్త చూసి నాయన్ను గట్టిగా కోప్పడితే గానీ ఆయన నన్ను పెనుకొండ డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. ఆ డాక్టరు చూసి, ఇది గవదబిళ్ళ కాదు, హిందూపురానికి బెంగళూరు నుంచి వారానికోసారి ఒక డాక్టరమ్మ వస్తుంది, ఆమెకు చూపించండి అన్నాడు. ఆ డాక్టరమ్మ సన్నటి సూది గుచ్చి, గడ్డలోంచి చుక్కంత తీసి, గాజు పలకల మీద పూసింది. మళ్ళీ వారం రమ్మంది.

మళ్ళీ వారం పోతే నాయన నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, అమ్మతో లోపలికి వెళ్ళాడు. నా గొంతులో ఉన్నదాని గురించి మాట్లాడుకోవడానికి నేను అడ్డమయ్యానన్నమాట. కాసేపటికి డాక్టరమ్మ గొంతు వినిపించింది. “గడ్డ పాపది కదప్పా. పాప బయట కూర్చుంటే ఎట్ల? పిలవండి.”

ఆమెది కర్ణాటక సరిహద్దున అగళి వైపు పల్లె. మాటలో మా యాసా కన్నడమూ కలిసి ఉండేవి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీ ఇంట్లో ఏం పండిస్తారని అడిగింది. పట్టుగూళ్ళు అన్నాను. గూడు మంచిదో కాదో ఎట్లా చూస్తావంది. ఆ ప్రశ్నతో నాకు ప్రాణం లేచొచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తామనీ, వెలుతురుకు పెట్టి చుట్టూ తిప్పి చూస్తామనీ, పురుగు రెక్కల చిలుకగా మారి లోపలి నుంచి తొలుచుకుని బయటికొచ్చిన గూడైతే దారం తెగిపోతుంది కాబట్టి పక్కన పడేస్తామనీ గడగడా చెప్పాను. ఎన్నాళ్ళకో ఒకరు నా మాట చివరిదాకా విన్నారు.

అప్పుడామె తన మాట చెప్పింది. “నీ గడ్డకు గూడా చుట్టూ ఒక పొర ఉండాది పాపా. గడ్డ ఆ పొర లోపలే ఉంటే మంచిది. పొర తొలుచుకుని బయటికొచ్చింటే చెడ్డది. రెండూ లోపల చూస్తే ఒకే మాదిరి కనిపిస్తాయి. నా సూదికి లోపలి నలుసు వస్తాది గానీ పొర రాదు. గడ్డ మొత్తం తీసి, చుట్టూ చూస్తేనే అది ఏ రకమో తెలిసేది.”

మరి నాది ఏ రకం అని అడిగాను.

“నాకు గూడా తెలీదు. తెలిసిన దినం నీకే చెప్తా.”

అంత చదువుకున్న మనిషి నాకు తెలీదు అని ఒక పిల్లతో అనడం నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నాకే ఎవరూ ఏమీ చెప్పరు. ఆమెకు తెలీదు, ఆ తెలీకపోవడాన్నే నాతో సమంగా పంచుకుంది. తిరుగు బస్సులో నాకు భయం వేసింది, చాలానే వేసింది. అయినా ఆ భయం నాది ఒక్కదానిదే కాదని తోచింది.

బెంగళూరులో ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. తీసిన గడ్డను ఆమె పొరలు పొరలుగా కోసి చూస్తుందని, కొన్నాళ్ళు పడుతుందని ముందే చెప్పి ఉంచింది. మెడకు కట్టుతో మంచం మీద పడుకుని, తలుపు వైపే చూస్తూ గడిపాను. ఒకరోజు పొద్దున ఆమె వచ్చింది. ఆమె ముఖం చూసి నాయన ఎదురు వెళ్ళి, “పాప ముందర వద్దమ్మా” అని బతిమాలాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, మాటిచ్చినానప్పా అంది. తర్వాత నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

చుట్టూ చూసిందట. ఒక తావున పొర తెగిందట. దీన్ని క్యాన్సర్ అంటారట. ఇంకో ఆపరేషన్ చేసి గొంతులో మిగిలిన థైరాయిడ్ గ్రంథి కూడా తీస్తారనీ, తర్వాత ఒక మందు తాగిస్తారనీ, ఆ పైన జీవితమంతా దినామూ ఒక మాత్ర మింగాలనీ, పిల్లల్లో ఈ జబ్బు చాలావరకు మందుకు లొంగుతుందనీ మెల్లగా చెప్పింది. ఏమన్నా అడగాలా అంది.

నాకు అడగాల్సింది ఒకటే ఉంది. “ఇది పురుగులకు తగులుకుంటాదా?”

ఆమె నవ్వలేదు. “తగులుకోదు పాపా. పురుగులకు గాదు, మనుషులకు గాదు, ఎవురికీ తగులుకోదు. మీ పురుగులు సచ్చింది నీ వల్ల గాదు.”

నాయన గోడ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ అన్నాళ్ళూ నా నుంచి దాచిన ఏడుపంతా నా మంచం మీదే కూర్చుని, నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెడ్డ కబురే అది. అయినా నన్ను బయటికి పంపి చెప్పుకున్న కబురు కాదు.

రెండో ఆపరేషన్ తర్వాత ఆ మందు తాగించి నన్ను ఒక గదిలో ఒక్కదాన్నే ఉంచారు. ఆ మందు నుంచి వెలువడే కిరణాలు ఒంట్లో ఉన్నన్నాళ్ళు ఎవరూ దగ్గరికి రాకూడదు. ఎందుకో, ఎప్పటిదాకానో ఆమె నాకు ముందే విడమరిచి చెప్పింది. తలుపు అద్దంలోంచి అమ్మ చెయ్యి ఊపేది. ఇంట్లో వసారాలో పట్టిన దిగులు ఆ మూసిన గదిలో నన్ను పట్టలేదు.

ఇప్పుడు నాకు మనవళ్ళ వయసు దగ్గర పడుతోంది. ఏడాదికోసారి పరీక్షకు పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో అమ్మానాన్నలు లోపల మాట్లాడుతుంటే బల్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. పక్కన చేరి, నీకేమైందో ఎవరైనా చెప్పారా అని అడుగుతాను. చాలామంది తల అడ్డంగా ఊపుతారు. నీకు తెలుసా అని నన్నే ఎదురు అడుగుతారు. నాకూ తెలీదు నాయనా అంటాను. లోపలి నుంచి ఆ పిల్లలకు పిలుపు వచ్చేదాకా అక్కడి నుంచి లేవను.