గునుగును గడ్డి అన్నారు

వానలు తగ్గాయని ఈ రోజు మా కాలనీ పార్కులో గడ్డి కోయించారు. బతుకమ్మ కోసమని మా అమ్మ గోడ వారగా పెంచుకుంటున్న గునుగు పూల మొక్కల్ని కూడా మిషన్‌తో కోసేశారు.

"గది గడ్డి గాదు సారూ, ఇంకో వారమైతె పూసేది" అంది అమ్మ, అసోసియేషన్ అధ్యక్షుడితో.

"కలుపు మొక్కేగా అమ్మా. పూలు మార్కెట్లో బోలెడు దొరుకుతాయి" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. "పోయినేడు బతుకమ్మ పక్కన నిలబడి ఫొటో దిగిండ్రు కద సార్, అండ్ల సగం గీ కలుపే" అన్నాను. ఆయన లాన్‌కు నీళ్లు పెట్టమని తోటమాలికి చెప్పి వెళ్లిపోయారు. అమ్మ తెగిపడిన మొగ్గల్ని ఏరుతూ కూర్చుంది.

అల్మాస్‌గూడ, బడంగ్‌పేట్ వైపు ఖాళీ ప్లాట్లలో గునుగు ఎక్కడుందో తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. మిషన్ కంటే ముందే మేం అక్కడికి చేరుకోవాలి.