సున్నం బొట్టు తుడిచిన బుడ్డి

ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. మొన్న మా మనవడు గిటారు కోసం ఎక్కడి నుంచో పాత గాజు వాల్వుల ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చాడు. అది ఊరికే ఊళ పెడుతుంటే నలుగురు స్నేహితులు ఫోన్లు చూసుకుంటూ దాని చుట్టూ కూర్చున్నారు గాని, పక్కనే కుర్చీలో ఉన్న నా వైపు ఒక్కడూ తల తిప్పలేదు. వేడెక్కిన గాజు మీద పాత దుమ్ము కాలే వాసన వచ్చేసరికి ఇక కూర్చోలేకపోయాను. లేచి, పెన్సిల్‌తో ఒక్కో వాల్వునూ మెల్లగా తట్టాను. మూడోదాన్ని తట్టగానే స్పీకర్ ఠంగుమంది.

"తాతా, నీకెట్ల తెల్సు?" అన్నాడు మనవడు.

ఈ ప్రశ్న కోసం అరవై ఏళ్లకు పైగా ఎదురుచూశాను. తీరా అడిగితే లోపలికి వెళ్లి నా పాత పెట్టె తెరిచాను.

మాది కరీంనగర్ వైపు మగ్గాల ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నాకు పదేళ్లప్పుడు, భాద్రపదం ముసురులో పడుగుకు పట్టించిన గంజి ఆరక పులిసిన వాసన, ఇంటింటా ఉడికే శెనగ గుడాలు, కుడుముల ఆవిరి, తడిసిన గోడల చెమ్మ అన్నీ కలిసి వీధిలో తిరుగుతుండేవి. మగ్గాల చప్పుడు ఆగేది గణపతి నవరాత్రుల సాయంత్రాలే. భజన మండలి వాళ్లు ఆ తొమ్మిది రోజులూ మైకుసెట్టు పెట్టేవాళ్లు. దానికి జబ్బు చేస్తే వైద్యుడు మా పక్కింటి మల్లేశం మామ. ఆయనా నేతగాడే. రేడియో ఒకటి సొంతంగా బిగించుకొని పని నేర్చాడు. వాల్వును మేం బుడ్డి అనేవాళ్లం. మామ వాల్యూమ్ పెంచి, నూలు చుట్టే కట్టె కండెతో ఒక్కో బుడ్డినీ తట్టేవాడు.

"చెవివెట్టి ఇను బిడ్డా. రోగమున్న బుడ్డిని కొడితె ఒర్రుతది. మంచిది సప్పుడు జెయ్యది."

పాడైన బుడ్డిని పారేసేవాడు కాదు. పొరపాటున మళ్లీ ఎక్కించకుండా, తమలపాకుకు రాసుకునే సున్నంతోనే దాని మీద బొట్టు పెట్టి, దూది చుట్టి సిగరెట్ డబ్బాలో దాచేవాడు. ఆ ఏడు పండుగకు ముందు అలాగే ఒకదాన్ని తీసేసి, మండలి తెప్పించిన కొత్తది ఎక్కించాడు.

నవరాత్రుల నాలుగో రోజున నాతో పాట పాడిస్తానని పండుగకు ముందే మాటిచ్చాడు. వారం రోజులు గొంతు చించుకొని నేర్చుకున్నాను. తీరా ఆ రోజు మైకు షావుకారి కొడుక్కి ఇచ్చి, నన్ను చూసి నవ్వాడు. "నీకు మైకెందుకురా? నువ్వు ఒర్రితె లక్సెట్టిపేట దాక ఇనవడుతది." మైకు ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట బాకాలోంచి ఊరంతా వెళ్లింది, ఊరంతా నవ్వింది. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరవలేదు.

మర్నాడు పొద్దున మామ బుడ్లన్నీ తుడిచి తీగ తేవడానికి వెళ్లినప్పుడు, డబ్బాలోని చెడ్డ బుడ్డి తీసి, సున్నం బొట్టును అంగీ అంచుతో తుడిచి, కొత్తదాని స్థానంలో గుచ్చాను. కొత్తది నిక్కరు జేబులో వేసుకున్నాను.

సాయంత్రం హారతికి మైకు ఊళ పెట్టింది. మామ కండెతో తట్టాడు, వంగి చూశాడు. గాజు అడుగుపట్టీలో దిగే సందులో సున్నం మిగిలి ఉంది. "అరె, గిది నేను తీసేసిన బుడ్డే గదా" అన్నాడు తనలో తాను. ఈసారి కూడా మైకు తెరిచే ఉంది.

"గట్లనా? మరి కొత్తది నీ రేడియోల వెట్టుకున్నవా మల్లేశం?" అన్నాడు మండలి పెద్ద.

"దేవునికాడ గాడిద ఒర్రుతుంటె, మల్లేశమింట్ల కోయిల పాడుతున్నట్టుంది" అన్నారు వెనక నుంచి.

నలుగురు వెళ్లి ఆయన రేడియో విప్పి చూశారు. దొరకలేదు. దొరక్కపోయినా 'బుడ్డి దొంగ' అనే పేరు ఆగలేదు. వాళ్లు అడుగుతుండగా మామ నా అంగీ అంచునున్న తెల్లటి సున్నం మరక వైపు ఒకసారి చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు, తల దించుకున్నాడు. నేను గుడాలు నములుతూ నిలబడ్డాను.

ఏడాది తిరక్కముందే మామ మగ్గం అమ్మేసి, బొగ్గు బాయి పనికి నస్పూర్ వెళ్లిపోయాడు. మళ్లీ ఏ సెట్టూ ముట్టలేదని విన్నాను.

నేను జేబులో వేసుకున్న ఆ కొత్త బుడ్డి ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది. మొన్న మనవడి ఆంప్లిఫయర్‌లో పెట్టబోయాను. దీనికి ఎనిమిది కాళ్లు, అక్కడ తొమ్మిది రంధ్రాలు. పట్టలేదు. కండెలు పోయాయి, బాకాలు పోయాయి, దీన్ని పెట్టగలిగిన సెట్టు ఈ జిల్లాలో ఎక్కడా లేదు.

మల్లేశం మామ కూతురు రాజేశ్వరి నస్పూర్‌లోనే ఉంది. జరిగిందంతా చెప్పి ఆమెకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నిర్లక్ష్యం నాకు కొత్త కాదు, కానీ ఇది భరించలేను. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను: మీ నాన్న దొంగ కాదు, దొంగను నేను. అయితే నాకూ ఒకటి తెలియాలి. సున్నం చూసి కూడా ఆయన నా పేరెందుకు చెప్పలేదు? ఇంట్లోనైనా, ఒక్కసారైనా అన్నాడా? తిట్టడానికైనా సరే రాజేశ్వరీ, జవాబు రాయి.