పడుగు తెగిన ఉదయం

నా చిన్నప్పుడు నేనొక ఆడపిల్ల ప్రాణం కాపాడాను. ఈ సంగతి తెనాలిలో నాతో కలిసి కాఫీ తాగినవాళ్ళందరికీ తెలుసు. తాగనివాళ్ళలోనూ చాలామందికి తెలుసు. పక్కింటి పిల్లకు దెయ్యం పట్టిందని వాత పెట్టబోతుంటే, పదకొండేళ్ళవాణ్ణి రోకలి అందుకుని మంత్రగాణ్ణి వీధి చివరిదాకా తరిమానని, జోరువానలో చీరాల దాకా పరుగెత్తి మిషను ఆసుపత్రి నర్సమ్మగారిని వెంటబెట్టుకొచ్చానని చెబుతూ వచ్చాను. మొదట్లో ఇందులో వాన ఉండేది కాదు. మా పెద్దమ్మాయి పెళ్ళిలో చెప్పినప్పుడు కలిసింది. రోకలి ఇంకా తర్వాత, మనవలు పుట్టాక వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు చెబితే అది మండుటెండల కాలం. రోకలి మా వంటింట్లోనే ఉంది. నర్సమ్మగారు తన పెట్టె తనే మోసుకుంటూ రైలు దిగి వచ్చారు. ఆ మంత్రగాడు వచ్చిందే నా మాట మీద.

మా నాన్నగారు వేటపాలెం బళ్ళో మేష్టారు. మేముండేది నేతవాళ్ళ వీధిలో. పక్కింటాయనకు రెండు మగ్గాలు, నాకంటే రెండేళ్ళు చిన్నదైన ఒక కూతురు. ఆ పిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి దానికి ఏదో అయింది. నూలు పట్టుకున్న చేయి ఉన్నట్టుండి ఎగిరిపడేది, పోగు తెగేది. మంచినీళ్ళ చెంబు జారిపోయేది. మూతి ఒక పక్కకు మెలితిరిగి, ఎదుటివాళ్ళను వెక్కిరించినట్టుండేది. వాళ్ళమ్మ అది పొగరనుకుని చెంప మీద కొట్టేది. కొట్టిన కొద్దీ మొహం ఇంకా మెలితిరిగేది.

నేను బళ్ళో దాన్ని అనుకరించేవాణ్ణి. చేయి ఎగరేసి, మూతి తిప్పి, పలక జారవిడిచేవాణ్ణి. పిల్లలు పడీపడీ నవ్వేవారు. నా జీవితంలో అంత పేరు నాకు మళ్ళీ రాలేదు.

నేతవాళ్ళ వీధిలో పొద్దున్నే పడుగు సాగదీస్తారు. అంటే బట్టకు నిలువుగా పడే దారాలన్నిటినీ వీధి పొడుగునా కర్రల మీద పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెడతారు. ఆ గంట వీధిలో పిల్లలు పరుగెత్తకూడదు. ఇంట్లో అందరి అన్నం ఆ దారాల మీద ఉంటుంది. ఒకనాటి ఉదయం పెద్దవాళ్ళు చద్దన్నానికి లోపలికి వెళ్ళారు. కాపలాకు ఆ పిల్ల కర్ర దగ్గర అవతలికి తిరిగి నిలబడింది. నేను ఇనపచక్రం దొర్లించుకుంటూ వచ్చి, అదుపు తప్పి, పడుగు మధ్యలో బోర్లా పడ్డాను. దారాలు పుటపుటా తెగాయి. కర్ర పక్కకు ఒరిగి ఆ పిల్ల కూడా కింద పడింది.

లోపలినుంచి జనం వచ్చేసరికి నేను లేచి, దూరంగా వెళ్ళి నిలబడ్డాను. ఎవరు చేశారని అడిగారు. దాని చేయి ఎగిరి తగిలిందన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. అందుకని ఇంకొంచెం కలిపాను. నిన్న సాయంత్రం కాలవగట్టున తుమ్మచెట్ల కింద అది ఒక్కతే నిలబడి ఎవరితోనో మాట్లాడుతోందని, అక్కడ ఎవరూ లేరని చెప్పాను. మేష్టారి అబ్బాయి అబద్ధం ఆడడని వీధిలో ఒక నమ్మకం. ఆ పిల్ల మాత్రం తన చేతివంక చూసుకుంటూ, "నా చెయ్యే తగిలిందేమోలే అమ్మా, నాకు తెలీకుండానే ఎగురుతోందిగా," అంది. తన చేతికి తనే సాక్ష్యం చెప్పుకోలేని పిల్ల మీద నేను నేరం మోపాను.

ఆ మర్నాడే మంత్రగాడు వచ్చాడు. నిద్రపోయినప్పుడు కూడా చేతులు ఎగురుతాయా అని అడిగాడు. లేదు, నిద్రలో కదలవని వాళ్ళమ్మ చెప్పింది. దెయ్యం రాత్రిళ్ళు తుమ్మచెట్టు మీదికి వెళ్ళి పడుకుంటుందని ఆయన తేల్చాడు. వేపమండలతో కొట్టాడు. మిరపకాయల పొగ వేశాడు. పిల్ల దగ్గి దగ్గి వాంతి చేసుకుంది. చివరికి పసుపుకొమ్ము నిప్పుల్లో ఎర్రగా కాల్చి నుదుట వాత పెట్టాలన్నాడు. పిల్ల కదలకుండా పట్టుకోవాలి. దెయ్యాన్ని చూసినవాడు పట్టుకుంటే మంచిదని నన్ను ముందుకు తోశారు.

నేను దాని కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. దాని వేళ్ళు నా వేళ్ళను చుట్టుకుని బిగుసుకున్నాయి, వదిలాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. గేదె పొదుగు పిండుతున్నట్టుంది ఆ పట్టు. ఆ తర్వాత చర్మం కాలిన వాసన వచ్చింది. నేను వదల్లేదు.

నర్సమ్మగారిది మా వీధి చివరి ఇల్లు. కూతురి పురుటికని రేపల్లె వెళ్ళి, వాత పెట్టిన మూడోనాడు తిరిగొచ్చారు. ఎవరో చెబితే పెట్టె అరుగు మీద పడేసి ఆ ఇంటికి నడిచారు. పిల్లను నాలుక చాపి ఉంచమన్నారు. పట్టుమని మూడు అంకెలు లెక్కపెట్టేలోపు నాలుక లోపలికి పోయింది. తన రెండు వేళ్ళు దాని గుప్పెట్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. అదే పిండుడు. రెండు నెలల కిందట గొంతు నొప్పి, జ్వరం వచ్చాయా, కీళ్ళు వాచాయా అని అడిగారు. వచ్చాయి, తగ్గిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. గొంతులో చేరిన పురుగు మీద ఒంట్లో మొదలైన పోరు దారి తప్పి కీళ్ళ మీద, గుండె మీద, కదలికల్ని అదుపులో పెట్టే మెదడు మీద పడుతుందని, దాంతో కాళ్ళూ చేతులూ ఇలా ఆడతాయని ఆవిడ వాళ్ళకు తేలిక మాటల్లో చెప్పారు. బండి కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దొరసాని డాక్టరు గుండె విని ఏదో చప్పుడు ఉందన్నదట. పెన్సిలిన్ సూదులు, నిద్రకు మందు, చప్పుడు లేని గదిలో మంచం. ఇంతే వైద్యం. మిగతాది ఓపిక.

ఆ సాయంత్రం పిల్లను మళ్ళీ ఇంట్లో దింపి, నర్సమ్మగారు నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టి నా కాళ్ళు చూశారు. మోకాళ్ళ కింద పడుగు దారాలు కోసిన సన్నటి గీతలు, దువ్వెనతో గీసినట్టు పక్కపక్కనే. ముళ్ళు గీసుకున్నాయన్నాను.

"ముళ్ళు ఇంత వరసగా గీస్తాయంట్రా?" అన్నారు. నేను కాళ్ళు ముడుచుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, ఆ జబ్బు ఉన్న పిల్లను గట్టిగా పట్టుకున్న చేతికి అది అంటుకుంటుందని, తేలటానికి నలభై రోజులు పడుతుందని చెప్పారు. రోజూ వచ్చి నాలుక చాపి చూపించాలి. పోతూ పోతూ ఆ పిల్లకు గంజి తీసుకెళ్ళి తాగించాలి.

ఆ నలభై రోజులూ నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న లేవగానే చేతులు చూసుకునేవాణ్ణి. భయానికి అవి నిజంగానే వణికేవి. బళ్ళో బలపం జారింది. వెనక బల్లలో ఒకడు లేచి నన్ను అనుకరించాడు, అందరూ నవ్వారు. వాడికి ఆ విద్య నేర్పింది నేనే. సాయంత్రం గంజి చెంచా దాని నోటి దగ్గర పెట్టేసరికి దాని తల పక్కకు విసురుగా తిరిగేది, గంజి నా మీద ఒలికేది. నుదుటి పుండు పచ్చిగా మెరిసేది. అది నన్ను చూసి సిగ్గుపడుతూ, "నీకు శ్రమ పెడుతున్నాను అన్నయ్యా," అనేది.

నలభయ్యో రోజున నర్సమ్మగారు నా నాలుక చూడనేలేదు.

"నీకేం రాదు. ఆ జబ్బు చేతికి అంటుకోదు. నేను అబద్ధం చెప్పాను," అన్నారు. నాకు ఊపిరొచ్చింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు. "నా అబద్ధం ఇవాళ్టితో పోయింది. నీది దాని నుదుట ఉంది. అది పోదు."

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబుతారేమోనని ఆవిడ పోయేదాకా ఎదురు చూశాను. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల చేతులు నిమ్మళించాయి. గుండె కోసం ఏళ్ళ తరబడి నెలనెలా సూది వేయించుకుంది. తర్వాత మా నాన్నగారికి బదిలీ అయి మేం తెనాలి వచ్చేశాం.

పోయినేడాది బాపట్ల బస్టాండులో ఒకావిడ నన్ను ఆపింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, దాని అంచు దాటి కాస్త ముడతపడ్డ తోలు కనిపిస్తోంది. మనవణ్ణి తీసుకుని సూర్యలంక వెళుతోందట. గుర్తుపట్టలేదా అన్నయ్యా అంది. ఆ పిల్లాడి వైపు తిరిగి, "నాకు వాత పెడుతుంటే భయపడతానని ఈ తాతయ్యే నా చెయ్యి పట్టుకున్నార్రా. నలభై రోజులు గంజి కూడా తాగించారు," అని చెప్పింది. పిల్లాడు నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నేను వాడి తల నిమిరాను. సూర్యలంక బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, ఆవిడ చెప్పినదంతా తలూపుతూ విన్నాను. ఇంటికొచ్చాక మావాళ్ళకు ఆ కలయిక గురించి చెప్పాను కూడా. రోకలితో సహా.

రాత్రి పడుకుంటే ఇప్పటికీ నా గుప్పెట్లో ఆ చేయి ఉంటుంది. బిగుసుకుంటుంది, వదులుతుంది. తమ మామ్మ పేపరుతో వచ్చే ఆదివారం పుస్తకంలో ఒక్క పేజీ వదలదని ఆ పిల్లాడు బస్సెక్కుతూ చెప్పాడు. అందుకే ఇది రాసి పంపుతున్నాను.

చెల్లెమ్మా, ఆ రోజు పడుగు తెంపింది నేను. తుమ్మచెట్ల కింద నిన్ను నేను చూడలేదు. వాత తిన్నగా పడాలని కదలకుండా పట్టుకోమన్నారు, పట్టుకున్నాను.